లేదా

గాంధీ రోడ్డులో, మామిడి మండీకి ఎదురు మేడ మీద
ఏకాంబరం వకీలు దగ్గర నేను గుమాస్తాని.
ఆయన ఎమ్మెల్యే అయిన రాత్రి
నీవా ఒడ్డున టపాకాయలు పేల్చినోళ్లలో నేనూ ఉన్నా.
బొటనవేలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ఆ అయిదేళ్లూ ఆయన గొంతు బొంగురే.
పాలవాడికంటే ముందే వాకిట్లో జనం,
బోరు మోటారుకి, బదిలీకి, హాస్టల్లో సీటుకి,
పెండ్లికి పిలవడానికి, పిలిస్తే రాలేదని అలగడానికి.
అందరికీ ఒకటే మాట: "చూస్తాంలే నాయనా."
ఆ మాట మీద బతికినోళ్లున్నారు,
ఆ మాట వెంట తిరిగి చెప్పులరిగినోళ్లూ ఉన్నారు.

అసెంబ్లీలో ఆయన గట్టిగా మాట్లాడింది ఒక్కసారే.
భూసేకరణ బిల్లు, పదకొండో సెక్షను.
నోటీసు రైతు చేతికివ్వాలి,
లేదా ఊరి చావిట్లో అంటించాలి.
ఆ 'లేదా' కొట్టెయ్యమని లేచినాడు.
"అంటించిన కాయితం మేక తింటుంది, అధ్యక్షా!"
సభంతా నవ్వింది.
పార్టీ విప్పు ఉంది కాబట్టి
చెయ్యి మాత్రం బిల్లుకే ఎత్తినాడు.
ఆ రాత్రి ట్రంకు కాల్లో నాతో అన్నాడు:
"వెంకటమునీ, మేకే గెలిచిందిరా."

మళ్లీ ఎలక్షన్లో మూడొందల పదకొండు ఓట్లతో ఓడినాడు.
బీరువాలోంచి నల్లకోటు తీస్తే
కలరా ఉండల వాసన, జేబులో ఎప్పటిదో వాయిదా చీటీ.
ఏడేళ్ల తర్వాత ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చింది, హైకోర్టు జడ్జి అని.
"పార్టీ పెట్టిన భిక్ష" అన్నారు బార్ రూములో,
టీ గ్లాసు కింద పెట్టకుండానే.
హైదరాబాదు పోయే ముందురోజు చీకటితోనే
కాణిపాకం పోయినాము ఇద్దరమే.
తడి పంచెతో సామి ముందర నిలబడినాడు.
పొడి తువ్వాలు పట్టుకొని నేను వెనకాల.
ఏం ప్రమాణం చేసినాడో
నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

తర్వాత ఆయన గొంతు బాగుపడింది.
పెండ్లిళ్లకు రాలేదు, చావులకూ రాలేదు.
గంప నిండా బంగినపల్లి మోసుకొని పోతే
గేటు దగ్గరే వాపసు పంపినాడు,
నా బస్సు చార్జీ లెక్కగట్టి ఇచ్చి.
ఆ పండ్లు ఇమ్లీబన్ బస్టాండులో
ఎవరెవరికో పంచి, ఏడ్చినాను.

నారిగానిపల్లె గంగులప్ప కేసు ఆ ఏడే ఎక్కింది.
ఆయన గెలవాలని ప్రతి గోడకూ సున్నంతో
గుర్తు గీసినోడు గంగులప్ప.
మూడెకరాల తోట పోయింది, నోటీసు చేతికి రాలేదు.
చావిట్లో అంటించినామన్నారు.
దూడనమ్మి రైలెక్కినాడు. "మనోడే కదా" అన్నాడు.

కోర్టు హాల్లో వాళ్ల వకీలు పాత అసెంబ్లీ రికార్డు చదివినాడు:
"గౌరవ సభ్యులు ఏకాంబరం గారు:
అంటించిన కాయితం మేక తింటుంది..."
హాలు నవ్వింది, రెండోసారి.
ఆయన నవ్వలేదంట.
పేజీ మీద చెయ్యి పెట్టి చానాసేపు ఉండి
"ఈ కేసు నేను వినకూడదు" అన్నాడంట.
ఫైలు ఇంకో బెంచికి పోయింది.
అక్కడ ఒకటిన్నర పేజీలో
'లేదా' అంటే లేదానే అని తేలింది.

రిటైరై కట్టమంచి ఇంటికొచ్చినాక
గంగులప్ప వచ్చినాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.
"ఆ పొద్దు ఒక్కసారి 'చూస్తాంలే' అన్నా
సరిపోయేది సామీ."
"చూసినాను కాబట్టే, గంగులప్పా..."
మాట అక్కడే ఆగింది.
గంగులప్ప చెంబెడు నీళ్లు తాగి పోయినాడు.
తోట ఉన్న చోట ఇప్పుడు గోడౌను.

పొద్దు గూకినాక, లైటు వేయొద్దని,
ఆయన నన్నడిగింది ఒకటే:
"చావిట్లో ఇప్పుడు కాయితాలు
ఎంత ఎత్తులో అంటిస్తాండారు, మునీ?"

చేత్తో చూపించినాను.
నా నడుము దాకా.